ఏడాదికి ఒక్క ఫోటో

గడిచిన ఏడాది ఫోటోల్లో మీకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏది? ఈ ప్రశ్న ఎవరిని అడిగినా వెంటనే ఫోన్ తీసి గ్యాలరీలో వెతకడం మొదలుపెడతారు. కాసేపటికి ఒకటి చూపిస్తారు. అంతలోనే "ఆగండాగండి, ఇంకోటుంది" అంటారు. చివరికి ఒకటి తేల్చాక, ఇదే ఎందుకని అడిగితే "బాగా వచ్చింది కదా" దగ్గర మాట ఆగిపోతుంది.

ఈ అధ్యాయంలో మీ చేత చేయించదలచుకున్న పని చిన్నది. ఏడాది మొత్తానికి ఒక్కటంటే ఒక్క ఫోటో ఎంచుకోవాలి. అదే ఎందుకో నాలుగైదు వాక్యాల్లో రాసిపెట్టాలి. ఈ రెండింటిలో రాయడమే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఏడాదిలో మనకు ఏం దక్కిందో, ఏం చేజారిందో, దేనికి మనం విలువ ఇచ్చామో ఆ నాలుగు వాక్యాల కోసం తడుముకునేటప్పుడే తెలుస్తుంది. డైరీ రాసే అలవాటు లేనివాళ్లు తమను తాము చూసుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి నాకు కనిపించలేదు.

ఫిల్మ్ కెమెరాల రోజుల్లో రోల్‌కు 36 ఫోటోలు. సంక్రాంతికి వేసిన రోల్ వేసవి సెలవుల దాకా కెమెరాలోనే ఉండేది. "ఇప్పుడొద్దు, పిన్ని వాళ్లు కూడా వచ్చాక తీద్దాం" అని ముందే లెక్క చూసుకునేవాళ్లం. ఏది తీయాలి, ఏది వదిలేయాలి అన్న ఆలోచనంతా బటన్ నొక్కకముందే జరిగిపోయేది. ఇప్పుడు నొక్కడానికి ఖర్చు లేదు కాబట్టి ఆ ఆలోచనను తర్వాతకు వదిలేశాం. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఫోన్‌లో "స్టోరేజీ నిండింది" అని వచ్చిన రోజు మాత్రం కూర్చుంటాం. అదీ ఏవి చెరిపేయాలో చూడడానికి. ఏది ఉంచుకోవాలన్న ప్రశ్న మనకు ఎదురవడమే మానేసింది.

ఒక్కటే ఎందుకు?

పది ఎంచుకుంటే సులువు కదా అని మీకు అనిపించవచ్చు. సులువే. అందుకే వద్దంటున్నాను. పది అనేసరికి మనం న్యాయం చేయడం మొదలుపెడతాం. ఆడపడుచు ఉన్నది ఒకటి, బావగారి గృహప్రవేశానిది ఒకటి, ఆఫీసువాళ్లతో ఒకటి, తిరుపతిలో గుండు చేయించుకున్నప్పటిది ఒకటి. అందరికీ చోటు దొరుకుతుంది, ఎవరూ నొచ్చుకోరు. ఆ పదీ చూసినా ఆ ఏడాది మీకు ఎలా గడిచిందో మీకే అర్థం కాదు.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ నికోలస్ నిక్సన్ 1975లో తన భార్యనూ, ఆమె ముగ్గురు చెల్లెళ్లనూ పక్కపక్కన నిలబెట్టి ఒక ఫోటో తీశాడు. అప్పటినుంచి ఏటా తీస్తూ వచ్చాడు. ఎడమ నుంచి కుడికి ఆ నలుగురూ నిలబడే వరస ఎప్పుడూ మారదు. ఒక్కో ఏడాది ఎన్ని నెగెటివ్‌లు తీసినా ఆ ఏటికి లోకం చూసేది ఒక్కటే. 40 ఏళ్లు నిండిన సందర్భంలో 2014లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆ ఫోటోలన్నిటినీ ఒక్కచోట ప్రదర్శించింది. మొదటి ఫోటోలో 15 ఏళ్ల పిల్ల చివరికొచ్చేసరికి 50 దాటిన స్త్రీ. ఆ ఇంట్లో ఏ పెళ్లి ఎప్పుడైందో, ఎవరికి ఏ జబ్బు చేసిందో ఆ ఫోటోలు చెప్పవు. అయినా ఒక ఏడాది భుజాల మధ్య దూరం పెరగడం, మరో ఏడాది ఒకరి మీద ఒకరు వాలిపోవడం చూస్తుంటే కాలం కళ్లముందు కదులుతుంది. ఏటా పదేసి చూపించి ఉంటే ఆయన దగ్గర మిగిలేది మరో కుటుంబ ఆల్బమ్.

మీరు నిక్సన్‌లాగా ఒకే వరసలో నిలబెట్టి తీయనక్కర్లేదు. ఏటికి ఒక్కటే అన్న నియమాన్ని మాత్రం ఆయన దగ్గర తీసుకోండి.

డిసెంబరు 31 రాత్రి వద్దు

ఏడాది చివరి రోజున ఈ పని పెట్టుకుంటే నవంబరు, డిసెంబరు ఫోటోలే గెలుస్తాయి. మొన్నటి విహారయాత్ర, నిన్నటి పెళ్లి కళ్లలో ఇంకా మెదులుతుంటాయి. ఫిబ్రవరి ఎక్కడో అడుగున పడి ఉంటుంది.

న్యూయార్క్ వీధుల ఫోటోలకు పేరుపడ్డ గ్యారీ వినోగ్రాండ్ ఫిల్మ్‌ను వెంటనే కడిగేవాడు కాదు. కావాలనే ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆగేవాడు. తీసిన రోజు మనసు హుషారుగా ఉంటే ఆ హుషారు ఫోటోలోనూ ఉందని భ్రమపడతాం, అది చల్లారాక చూస్తే ఫోటోలో ఏముందో అదే కనిపిస్తుంది అన్నది ఆయన ఆలోచన. మంచి ఆలోచనే. కానీ 1984లో ఆయన చనిపోయేనాటికి కడగని రోల్స్ రెండు వేలకు పైగా మిగిలిపోయాయి. కాబట్టి ఆగడంతో పాటు గడువు కూడా ఉండాలి.

మనకు ఆ గడువు పంచాంగంలోనే ఉంది. జనవరి నుంచి డిసెంబరు దాకా తీసిన ఫోటోలను ఉగాదికి ముందు వచ్చే ఆదివారం చూడండి. మధ్యలో రెండు మూడు నెలల ఎడం దొరుకుతుంది. లైకులు, కామెంట్ల సందడి అప్పటికి సద్దుమణిగి ఉంటుంది. ఇల్లు దులిపి పాత సామాను సర్దుకునే రోజులు కూడా అవే.

ముందు కాగితం, తర్వాతే ఫోన్

ఫోన్ తెరవకముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. గడిచిన ఏడాదిలో ఏ ఫోటోలు గుర్తున్నాయో చూడకుండా రాయండి. ఒక్కోదానికి ఒక్క ముక్క చాలు: "చిన్నాడు గొడుగు కింద", "బస్టాండులో మామయ్య". ఎనిమిదో పదో వస్తాయి. కొందరికి నాలుగే వస్తాయి, ఫర్వాలేదు.

దీని వెనక ఒక కారణం ఉంది. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులను ఒక మ్యూజియంకు తీసుకెళ్లి కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నారు, కొన్నిటిని ఫోటో తీయమన్నారు. మర్నాడు అడిగితే, ఫోటో తీసిన వస్తువుల సంగతులు ఊరికే చూసిన వాటికన్నా తక్కువగా గుర్తున్నాయి. కెమెరా దాచిపెడుతుందిలే అని మనసు తన పని వదిలేస్తుందన్నమాట. అయితే వస్తువులో ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి దగ్గరగా తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. శ్రద్ధ పెట్టి చూసింది గుర్తుండిపోయింది. మీ కాగితం మీదికి వచ్చినవి ఆ శ్రద్ధ తగిలిన ఫోటోలు. వందల ఫోటోల మధ్య వాటికి ముందువరసలో కూర్చునే హక్కుంది.

ఇప్పుడు ఫోన్ తెరవండి. జనవరి 1 నుంచి మొదలుపెట్టి నెల తర్వాత నెల చూస్తూ రండి. ఫోన్ తనంతట తాను పాట జోడించి చూపించే "జ్ఞాపకాలు" పక్కన పెట్టండి. ఆ ఫోటోలు మీవే, ఎంపిక మాత్రం మీది కాదు. వాట్సాప్‌లో వచ్చిన శుభోదయాలు, స్క్రీన్‌షాట్లు దాటేయండి. కరెంటు బిల్లు, మందుల చీటీ, ఆధార్ కార్డు లాంటి అవసరానికి తీసిన ఫోటోలను మాత్రం ఒక్క చూపు చూసే దాటండి. అలా ఎందుకంటున్నానో కాస్త ముందుకెళ్లాక చెబుతాను. ఏదీ చెరపకండి. చెరిపే పని, ఎంచుకునే పని ఒకే రోజు చేయకూడదు. బుద్ధి రెండు వైపులా లాగుతుంది.

నచ్చినవాటికి గుండె గుర్తు కొడుతూ పోతే ముప్పై నలభై తేలతాయి. కాగితంతో పోల్చుకుని పదికి కుదించండి.

పదింటిలోంచి ఒకటి

ఇక్కడే ఎక్కువమంది అందమైన ఫోటో వైపు జారిపోతారు. లక్నవరం వేలాడే వంతెన మీద సాయంత్రపు వెలుగు, అందరూ నవ్వుతున్నారు, ఎవరి కళ్లూ మూతపడలేదు. గోడకు పెట్టడానికి అది చక్కని ఫోటో. కానీ అదే చోట నిలబడి అలాంటి ఫోటో తీసుకున్న కుటుంబాలు వేలల్లో ఉంటాయి. మీ ఏడాదికి మాత్రమే చెందినది అందులో ఏముందో వెతకండి. ఉంటే ఉంచండి.

పదిలో ఒక్కోదాన్నీ పట్టుకుని ఇలా అడగండి: ఇది మరెవరికీ చూపించే వీలు లేకపోతే, స్టేటస్ పెట్టే వీలు లేకపోతే, అప్పుడూ నాకు ఇది కావాలా? ఈ ఒక్క ప్రశ్నకే సగం తప్పుకుంటాయి. శాలువా కప్పించుకున్న ఫోటోలు, కొత్త కారు ముందు నిలబడ్డ ఫోటోలు చాలావరకు ఇక్కడ ఆగిపోతాయి. అవి మీ విజయాలకు సాక్ష్యాలు, వాటి చోటు వాటికుంది. ఒకవేళ ఈ ప్రశ్న తర్వాత కూడా శాలువా ఫోటోయే నిలబడితే సంతోషంగా దాన్నే పట్టుకోండి. ఏ కష్టం తర్వాత వచ్చిన శాలువాయో మీకు తెలుసు.

ఇంకో సంగతి కూడా చూడండి. ఈ పదింటిలో ఎవరు లేరు? సాధారణంగా ఫోటో తీసినవాళ్లు ఉండరు. చాలా ఇళ్లలో ఆ లేని మనిషి అమ్మ. పిల్లల పుట్టినరోజుకు కేకు కోయిస్తూ ఒక చేత్తో ఫోన్ పట్టుకునేది ఆమే. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసమే ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు పరాయి మగవాడి కెమెరా ముందుకు రారు కాబట్టి అక్కడ ఫోటోలు తీసేది కూడా స్త్రీయే. ఆడవాళ్లకు ఫోటో దక్కడానికి అప్పుడు అంత ఏర్పాటు కావలసి వచ్చింది. ఇప్పుడు కెమెరా ఆమె చేతిలోనే ఉన్నా ఏడాది మొత్తంలో ఆమె ఉన్న ఫోటోలు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటే ఆ ఇంటివాళ్లు ఆలోచించుకోవాలి. మీ పదిలో ఆమె లేకపోతే మళ్లీ మొదటికి వెళ్లి ఒకసారి ఆమె కోసమే వెతకండి.

ఎందుకు అన్నది ఎలా రాయాలి

మొదట వచ్చే కారణం ఎప్పుడూ పైపైనే ఉంటుంది. దాన్ని రాసి, దాని కింద మళ్లీ "ఎందుకు?" అని రాయండి. జవాబు రాశాక ఇంకోసారి. మూడోసారికి చెయ్యి నెమ్మదిస్తుంది. అక్కడే ఆగకుండా రాయండి.

గడిచిన ఏడాదికి నేను ఎంచుకున్న ఫోటో గురించి చెబుతాను. మా ఊళ్లో ఇంటి గోడకున్న వెంకట్రామా వారి క్యాలెండర్ ముందు అమ్మ నిలబడి ఉంది. ముఖం సగమే కనిపిస్తుంది. ట్యూబ్‌లైటు వెలుగు అద్దాల మీద పడి ఒక కన్ను తెల్లగా వచ్చింది. ఒక వేలు తారీఖు కింద పెట్టి తిథి చదువుకుంటోంది. శుక్లాల ఆపరేషన్ అయ్యి, కొత్త అద్దాలు వచ్చిన తర్వాత నేను ఊరెళ్లినప్పుడు తీసింది.

మొదటి కారణం ఇలా రాశాను: అమ్మకు చూపు వచ్చింది, అందుకే ఈ ఫోటో ఇష్టం. ఎందుకు? ఆ సన్నటి అక్షరాలు ఆవిడే చదువుకుంటోంది, ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదు. ఎందుకు? ఇక్కడ నాకు కలం ఆగింది. చూపు మందగించిన రోజుల్లో అమ్మ రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "ఏమే, ఇవాళ తిథేంటి? ఏకాదశి రేపా, ఎల్లుండా?" అని అడిగేది. నేను బస్సులో ఉన్నా, వంటింట్లో ఉన్నా చూసి చెప్పేదాన్ని. ఆపరేషన్ తర్వాత ఆ ఫోన్ రావడం ఆగిపోయింది. ఇప్పుడు రెండు మూడు రోజులకోసారి మాట్లాడుకుంటాం. ఆ ఫోటోలో అమ్మ గెలుపు ఉంది. నా పొద్దుటి ఫోన్ పోవడమూ ఉంది. రెండూ ఒకే ఫ్రేములో ఉన్నాయని మూడో "ఎందుకు" రాసేదాకా నాకు తెలియలేదు. ఆ వాక్యం రాశాక రోజూ పొద్దున నేనే ఫోన్ చేస్తున్నాను. తిథి నేనడుగుతాను, అమ్మ చదివి చెబుతుంది.

కారణం రాసేటప్పుడు "మధురమైన క్షణం", "మరపురాని అనుభూతి" లాంటి మాటలు దరిచేరనివ్వకండి. అవి ఎవరి ఫోటోకైనా సరిపోతాయి. ఆ ఫోటోకు ఐదు నిమిషాల ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, ఫ్రేము బయట ఎవరున్నారు, ఎవరు రాలేదు అన్నవి రాయండి. ఫోటో చెప్పలేనివి అవే.

ఫ్రెంచ్ రచయిత రోలా బార్త్ 1977లో తల్లిని పోగొట్టుకున్నాక ఆమె పాత ఫోటోలన్నీ తిరగేసి, చివరికి ఆమె ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పటి ఒక ఫోటోలో తన తల్లిని గుర్తుపట్టాడు. ఫోటోగ్రఫీ మీద 1980లో ఆయన తెచ్చిన పుస్తకానికి గుండెకాయ ఆ ఫోటోనే. పుస్తకంలో వేరే ఫోటోలు చాలా ఉన్నాయి, ఆ ఒక్కటి మాత్రం వేయలేదు. అది తనకు తప్ప మిగతావాళ్లకు మామూలు పాత ఫోటో అని ఆయనకు తెలుసు. పాఠకులకు ఇవ్వగలిగింది ఆ ఫోటో తనకెందుకు కావాలో చెప్పే మాటలే కాబట్టి అవే ఇచ్చాడు. నా మనవలకు కూడా నేను ఎంచుకున్న ఫోటో ఒక్కటే అందితే అందులో ఎవరో ఒక ముసలామె క్యాలెండర్ చూస్తూ ఉంటుంది, అంతే. మాటలు తోడుంటేనే అది ముత్తవ్వ అవుతుంది.

కష్టం వచ్చిన ఏడాది

అన్ని ఏళ్లూ ఒకేలా గడవవు. మనిషి పోయిన ఏడాది, ఉద్యోగం పోయిన ఏడాది, ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఏడాది ఉంటాయి. అలాంటి ఏడాదికి ఇష్టమైన ఫోటో ఏమిటని అడగడమే కఠినంగా అనిపిస్తుంది. అయినా అడగాలనే అంటాను. ఇష్టం అంటే సంతోషమే కానక్కర్లేదు. ఏ ఫోటోను పోగొట్టుకోవడానికి మీరు ఒప్పుకోరో అదే మీ ఫోటో.

నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయినికి ఏడాది మొదట్లోనే భర్త పోయారు. ఆమె ఎంచుకున్నది వేపచెట్టు కింద స్టాండు వేసి ఉన్న ఆయన స్కూటర్ ఫోటో. అద్దానికి హెల్మెట్ తగిలించి ఉంది. కొనేవాళ్లకు పంపడానికి తీసిన ఫోటో అది. ఆమె కారణం మూడే వాక్యాలు రాసుకున్నారు: అమ్ముదామని తీశాను, తీశాక అమ్మబుద్ధి కాలేదు, ఇప్పుడు బడికి దాని మీదే వెళుతున్నాను. అవసరానికి తీసిన ఫోటోలను కూడా ఒక్క చూపు చూడమన్నది ఇందుకే.

ఇదే చోట ఇంకో మాట చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు పదకొండో రోజుకు ఫ్రేము కట్టించాలి, ఫ్లెక్సీ వేయించాలి. ఆ దుఃఖంలో, ఆ హడావుడిలో ఎవరి ఫోన్‌లోనూ సరైన ఫోటో దొరకదు. ఎవరిదో పెళ్లి గ్రూపు ఫోటోలోంచి తల కత్తిరించి, భుజం మీదున్న పక్కవాళ్ల చెయ్యి చెరిపేసి, వెనక నీలం రంగు పోసి స్టూడియోవాళ్లు ఇస్తారు. ఆ మనిషి ఎప్పుడూ అలా లేడని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా దండ వేసుకుని ఏళ్ల తరబడి గోడ మీద ఉండేది ఆ ముఖమే. ఏటా ఒక్కసారి కూర్చుని ఫోటోలు చూసే ఇంట్లో ఈ పరిస్థితి రాదు. బతికున్నప్పుడే, వాళ్లతోనే కూర్చుని "ఇందులో నీకు ఏది నచ్చింది తాతయ్యా?" అని అడిగే అవకాశం మనకుంది.

కాగితం మీదికి తేవడం

ఎంచుకున్న ఫోటోను ప్రింటు వేయించండి. 4×6 అంగుళాలు చాలు. ఆ సైజుకు 1200×1800 పిక్సెళ్లుంటే స్పష్టంగా వస్తుంది, ఇప్పటి ఏ ఫోన్ ఫోటోకైనా అంతకన్నా ఎక్కువే ఉంటాయి. ఫోటో ఇంకొకరి ఫోన్‌లో ఉంటే వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోవద్దు. సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ, చోటు వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. లామినేషన్ చేయించకండి, ఒకసారి అంటుకుంటే మళ్లీ విడదీయలేం. ఫ్రేము కట్టిస్తే ఫోటోకూ అద్దానికీ మధ్య అట్ట మౌంట్ పెట్టమనండి. ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి తేమ ఎక్కువున్న ఊళ్లలో ఫోటో నేరుగా అద్దానికి అతుక్కుపోతుంది.

కారణాన్ని ఫోటో వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి. విడిగా కాగితం మీద రాసి, తేదీ, ఊరు, ఉన్నవాళ్ల పేర్లు వేసి, రెండూ ఒకే కవరులో పెట్టండి. ఏటికో కవరు.

ఇంట్లో నలుగురుంటే నలుగురూ విడివిడిగా ఎంచుకోండి. ఒకరిది ఒకరు చూడకుండా రాసి, ఉగాది రోజు భోజనాలయ్యాక చదువుకోండి. పిల్లవాడు వీధికుక్క పిల్లను ఎంచుకుంటే సరిదిద్దకండి. భార్యాభర్తల ఎంపికలు ఒకటి కాకపోతే నొచ్చుకోకండి. ఒకే ఇంట్లో ఒకే ఏడాది ఇద్దరికి ఎలా వేరువేరుగా గడిచిందో తెలుసుకోవడానికి అంత మంచి సమయం మళ్లీ దొరకదు. పిల్లలు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే వీడియో కాల్‌లో చదవమనండి. ఫోటోలో బయటివాళ్లు ఉంటే వాళ్లను అడగకుండా స్టేటస్‌లో పెట్టకండి.

ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక తెల్లకాగితం తీసుకోండి. ఫోన్ ముట్టుకోకుండా, గుర్తున్న ఫోటోలు రాయడం ఇప్పుడే మొదలుపెట్టండి. కారణం పూర్తిగా రాయనిదే ఏ ఫోటోనూ ప్రింటుకు పంపకండి.